ఇంజిను దగ్గర మనిషి

జూన్ 13, 2016

స్కూలు తెరిచారు. ఆరో తరగతికి మీకు నచ్చింది వేయండి అంటే నలభై మందీ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు వేశారు. పదేళ్ళుగా ఇదే. ఈ ఊరి సూర్యుడికి కొండల మధ్యనించి లేవడం తప్ప వేరే దారి లేదు. తిట్టడానికి కూడా ఓపిక లేక అందరికీ టిక్కు పెట్టేశాను.

సాయంత్రం అనంతపద్మనాభం మాస్టారు ఫోన్ చేశారు. లినో రబ్బరు పలక మీద చెక్కి అచ్చు తీయడం నాకు నేర్పింది ఆయనే. నవంబరులో విశాఖలో ప్రదర్శన పెడుతున్నారట, ప్రింట్లు మాత్రమే. విషయం ఘర్షణ. "నువ్వు వెతుక్కోనక్కర్లేదు కదమ్మా తులసీ, మీ రేవే ఉంది" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు.

సరేనన్నాను. కాదనాలంటే కారణం చెప్పాలి.

జూన్ 19

ఆదివారం. తాతమ్మ పిన్ని ఎండుచేపల గంపతో వచ్చింది. మా ఊరు గవ్వలపాలెం నుంచి తెల్లారగట్ల బస్సెక్కి, విజయనగరం వీధులన్నీ తిరిగి, ఎండెక్కాక నా వాకిట్లో గంప దించుతుంది. ఇంటావిడ జగదీశ్వరి గారు పైనుంచి తొంగిచూసి పాటపాఠం ఆపేసి కిటికీ వేసుకున్నారు. పిల్లలు సరళీస్వరాలు ఎంత తప్పు పాడినా వేసుకోని కిటికీ అది.

పిన్ని మంచినీళ్ళు తాగి అంది: "మీ అన్న దేవుడేనమ్మా. నా కొడుకు అంత పాపిష్టి పని సేసినా, నా వాటా సేప నాకు తెచ్చిస్తన్నాడు. ఇంకొకలైతే మొకం సూత్తారేటి?"

నేను ఆమె కాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. మడమలు పగిలిపోయాయి. బాగా తిరుగుతోంది.

ఫిబ్రవరి నుంచి మా ఇంట్లో ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చెప్పుకోని సంగతి. ఒకసారి వరసగా రాసి చూస్తాను, బొమ్మకైనా పనికొస్తుంది. మా ఊరివాళ్ళు రింగువల వేస్తారు. దాని అడుగంచుకి ఇనపరింగులుంటాయి, వాటిలోంచి తాడు లాగితే వల సంచిలా మూసుకుని పిల్లాపాపతో సహా చేపంతా వచ్చేస్తుంది. ఏరు సముద్రంలో కలిసే మొగకి అవతలున్న మొగదిబ్బ వాళ్ళవి చిన్న వలలు. వాళ్ళకి ఏమీ మిగలడం లేదు. ఒద్దన్నారు, మనవాళ్ళు వినలేదు. ఒక పొద్దున్న ఒడ్డుకి దగ్గరలోనే మా అన్నయ్య హరిబాబు బోటు వల లాగుతుంటే వాళ్ళు వల కోయడానికి బోట్లతో మీదకొచ్చారు. కొట్టుకున్నారు. ఇటునించి ఎవరో విసిరిన ఇనపరింగు తగిలి మొగదిబ్బ గంగులు కన్ను పోయింది.

పోలీసులొస్తే మగాళ్ళంతా సరుగుడు తోటల్లో దాక్కోవాలి, వేట ఆగిపోతుంది. అందుకని మా ఊళ్ళో పెద్దలు కూర్చుని కేసుకి ఒక మనిషిని ఇస్తారు. ఎప్పటినుంచో ఉన్నదే. తాతమ్మ పిన్ని కొడుకు, అన్నయ్య బోటులో తాడు లాగే చినబాబుని ఇచ్చారు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. తనే విసిరానని ఒప్పుకున్నాడు. బెయిలు కూడా పెద్దలే వద్దన్నారు, లోపలుంటే మొగదిబ్బ వాళ్ళు చల్లబడతారని. శ్రీకాకుళం జైల్లో ఉన్నాడు. అక్టోబరులో కేసు తేలుతుంది. శిక్ష పడుతుంది.

అతనే విసిరాడు. ఒప్పుకున్నాడు కదా.

జూన్ 26

మాస్టారికి పెన్సిలు స్కెచ్చులు చూపించాను. ఎదురెదురుగా రెండు బోట్లు, అటు నలుగురు, ఇటు నలుగురు, మధ్యలో నీళ్ళు.

"ఇది కొట్లాటలా లేదమ్మా, పెళ్ళిచూపుల్లా ఉంది" అన్నారు. "రెండు వైపులా సమానంగా తూచి పెట్టావు. ఎవరు ఎవరి మీదకి వచ్చారో నీ బొమ్మకి తెలీదు. ఒక బోటు కాగితంలోంచి సగం బయటికి పోవాలి. ఒకటి మరొకదాని మీదకి ఎక్కాలి. చూసేవాడికి నిలబడే చోటు దొరక్కూడదు."

"ఇద్దరి తప్పూ ఉంది కదండీ" అన్నాను.

"ఉండొచ్చు. రింగు విసిరింది మాత్రం ఒక్క చెయ్యే కదా."

ఆయనకి అన్నీ బొమ్మలే. ఇంటికొచ్చి అన్నం వండుకోకుండా అటుకులు తిని పడుకున్నాను.

జూలై 3

అన్నయ్య వచ్చాడు. ఇంజినుకి ఏదో సామాను కావాలట. వస్తూ వస్తూ వంజరం చేపలు తెచ్చాడు. జగదీశ్వరి గారి కిటికీ మళ్ళీ మూతపడింది.

భోజనం చేశాక అడిగాను, ఆ రోజు ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పమని. ముందు విసుక్కున్నాడు. "ఏటే నీ బొమ్మలు. పోయినోటిని మల్లీ తవ్వడం ఎందుకే?" అన్నాడు. తరవాత తనే లేచి నా గదిలో బోటు కట్టేశాడు. మంచం ముందుభాగం, కుర్చీ వెనకభాగం, మధ్యలో వల.

"ఆలు ఇటునించి వొచ్చీసినారు. మన వల కోత్తన్నారు. సినబాబు సూసినాడు, ఒల్లు మండిపోయింది, రింగు ఊడబెరికి ఇలా ఇసిరీసినాడు" అని విసిరి చూపించాడు.

గబగబా గీసుకున్నాను. మంచి భంగిమ. నడుము మెలిక తిరిగి, భుజం వెనక్కి పోయి, చెయ్యి తల మీదుగా. ఒళ్ళంతా ఆ చేతిలోకి వచ్చేసింది. చిన్నప్పట్నించీ చూస్తున్న అన్నయ్యలో ఇంత బలమైన గీత ఉందని నాకు తెలీదు.

ఎడమ చెయ్యి. అన్నయ్యది ఎడమచేతివాటం, అంచేత ఎడమ చేత్తో చూపించాడు. చినబాబుది కుడిచెయ్యే. చిన్నప్పుడు మా ఇంట్లో కూర్చుని తినేవాడు, నాకు తెలుసు.

జూలై 5

అన్నయ్య చూపించేటప్పుడు కుర్చీ దగ్గర నిలబడ్డాడు. మంచం దగ్గర కాదు. గది ఇరుకు, అంతే.

జూలై 17

ముందు నలుపు తెలుపులో ఒక నమూనా చెక్కాను. గరిటె వెనకతో రుద్ది అచ్చు తీసి చూసేసరికి అంతా తిరగబడింది. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. స్కెచ్చుని తిప్పి వేసుకోకుండా తిన్నగా లినో మీదే గీసేశాను. అచ్చులో ప్రతిదీ తిరగబడుతుందని ఎనిమిదో తరగతి పిల్లలకి బంగాళదుంప ముక్కల మీద నేర్పిస్తాను. మర్చిపోయిన వాళ్ళని నిలబెడతాను కూడా.

నన్ను ఎవరూ నిలబెట్టలేదు. అచ్చుని తీగ మీద ఆరేసి చూస్తూ కూర్చున్నాను. అద్దంలో పడ్డట్టుగా ఎడమ చెయ్యి కుడిచెయ్యి అయింది. రింగు విసిరేవాడు ఇప్పుడు కుడిచేతివాటం వాడు.

తప్పే. కానీ కొన్నిసార్లు పని తనకి కావలసింది తనే చేసుకుంటుంది. ఉండనిద్దాం. మళ్ళీ చెక్కాలంటే వేళ్ళు కదలడం లేదు.

జూలై 24

తాతమ్మ పిన్ని వచ్చింది. తీగ మీద అచ్చు చూసి దగ్గరకెళ్ళింది. తియ్యడం మర్చిపోయాను.

"ఏటే ఇది, కొట్లాటేటి?"

అవునన్నాను. మన రేవే అన్నాను.

చాలాసేపు చూసింది. ముక్కు కాగితానికి తగులుతుందేమో అనుకున్నాను. చివరికి నవ్వింది. ఈ ఆరు నెలల్లో ఆమె నవ్వడం నేను చూడలేదు.

"మన రేవు ఇలాగుంటాదేటే పిచ్చిదానా? గంగమ్మ గుడి అటేపుండాల. మొగ ఇటేపుండాల. ఇది మనూరు కాదు, ఏ ఊరో ఇది. ఈడెవుడో ఇసిరినాడు. నా కొడుకు కాడు."

గంప ఎత్తుకుని వెళ్ళింది. మెట్లు దిగుతూ కూడా నవ్వుకుంటోంది. చెప్పొద్దూ, నాకు చచ్చిపోవాలనిపించింది.

జూలై 25

ఆ అచ్చు చింపేశాను.

ఆగస్టు 7

ఏమీ చేయలేదు. జ్వరంలా ఉంది, జ్వరం లేదు. స్వాతంత్ర్య దినోత్సవానికి స్కూలు గోడ మీద జెండా వేయమన్నారు. వేశాను. మూడు రంగులూ ఎవరి చారలో వాళ్ళు ఒద్దికగా ఉన్నారు.

ఆగస్టు 14

మాస్టారు ఇంటికే వచ్చారు. ఆయన మోకాళ్ళ నొప్పులతో నా మెట్లెక్కారంటే ప్రదర్శన గురించి నిజంగానే బెంగపెట్టుకున్నారన్నమాట. రంగుల నమూనాలు చూపించాను. ముదురు నీలం సముద్రం, బూడిదరంగు ఆకాశం, మధ్యలో కొంచెం ఎరుపు.

"ఎరుపు దేనికి?"

"రక్తం అనుకున్నానండీ."

"రక్తం చూపించి కొట్లాట అనడం సినిమా పోస్టరు పని. నీ రంగులు చాలా మర్యాదస్తులమ్మా, ఒకదానికొకటి తప్పుకుని దారి ఇస్తున్నాయి. మీ బోట్లకి ఏ రంగులుంటాయి?"

మావి ఎరుపు, మొగదిబ్బ వాళ్ళవి ఆకుపచ్చ అని చెప్పాను.

"మరింకేం! రెండూ ఒకే కాంతిలో కలుపు. ఒకటి ముదురు, ఒకటి లేత అవకుండా చూడు. రెండూ ఆనుకున్నచోట గీత పెట్టకు. కన్ను అక్కడ నిలవలేదు, జిలజిలలాడిపోతుంది. అదే ఘర్షణ. తెలుపు మాత్రం ఒక్కచోటే ఉంచు. ఎక్కడ ఉంచుతావో నీ ఇష్టం."

తెలుపు ఎక్కడో నాకు అప్పుడే తెలిసింది. గాలిలో ఉన్న రింగు. దాన్ని మొట్టమొదటే చెక్కేస్తాను. అక్కడికి ఏ రంగూ చేరదు.

ఆయన వెళ్ళాక, ఇన్ని రోజులకి మళ్ళీ చెక్కాలని చెయ్యి దురదపెట్టింది. సిగ్గుగా కూడా ఉంది. ఒకడి కన్ను పోయింది, ఒకడు జైల్లో ఉన్నాడు, నేను ఎరుపు పక్కన ఆకుపచ్చ బాగుంటుందని సంబరపడుతున్నాను.

ఆగస్టు 28

అమ్మని చూడ్డానికి ఊరెళ్ళి వస్తూ నరసన్నపేటలో బస్సు మారాను. బస్సు కాంప్లెక్సులో బెంచీ మీద గంగులు కూర్చుని ఉన్నాడు. మొగదిబ్బ గంగులే. కంటి ఆస్పత్రికి వెళ్ళొస్తున్నాడట. నన్ను చూసి, నేను తప్పించుకునే లోపు పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఎలా ఉన్నావన్నాను.

"ఒక కన్నుతోటి వల అల్లడం రాదమ్మా. దూరం తెలీదు. సూది ఒక కాడుంటాది, నానొక కాడ పొడుత్తాను" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే.

"చినబాబుకి శిక్ష పడితే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"పడనీ, ఒగ్గీనీ. ఎవుడైతే ఏటిప్పుడు? మా పెద్దలూ, మీ పెద్దలూ కూకుని ఒక మాట అనీసుకున్నారు. మీరు మా మొగ దాటి రారు, మేం మల్లీ కేసెయ్యం. అయిపోయినాది." బస్సు వచ్చింది. లేచి, సంచి భుజాన వేసుకుని, పోయిన కన్ను నా వైపు ఉండేలా నిలబడి అన్నాడు: "మీ అన్న ఇంజిను కొత్తదేటమ్మా? ఆ పొద్దు సానా పొగ కక్కింది. ఆ పొగలోనించే వొచ్చినాది రింగు."

ఇంజిను వెనకవైపు ఉంటుంది. తాడు లాగేవాళ్ళు ముందువైపు ఉంటారు.

ఆగస్టు 29

పొగలో ఏం కనిపిస్తుంది. పైగా దెబ్బ తగిలిన మనిషి.

సెప్టెంబరు 4

పెద్ద లినో ముక్క కోసం కాగితం మీద మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి తిప్పి గీశాను. గుడి ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది, మొగ ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది.

విసిరే మనిషిని ముందుభాగంలో పెట్టాను, చినబాబు చోట. బొమ్మ నిలవలేదు. ఆకుపచ్చ బోటు వెనకనుంచి ఎక్కి వస్తోంది. ముందునుంచి విసిరితే రింగు మనవాళ్ళ తలల మీదుగా వెళ్ళాలి. గంగులు దాకా రాదు. ఆకుపచ్చ బోటుని ముందుకి తెచ్చాను. అప్పుడు వాళ్ళు వల కోయలేరు, వల అటు లేదు. చినబాబుని వెనక్కి తెచ్చాను. అప్పుడు తాడు లాగేవాడు లేడు, వల మునిగిపోతుంది. వల ఆ రోజు మునగలేదు. అందులో చేపలు మేమందరం తిన్నాం.

చెరిపాను, గీశాను, చెరిపాను. కాగితం నూగులేచిపోయింది.

చివరికి ఒకే ఒక్క విధంగా నిలబడింది. ముందు చినబాబు రెండు చేతులతో తాడు పట్టుకుని వెనక్కి వాలాడు. ఆ తాడు బొమ్మంతటికీ అడ్డంగా ఏటవాలుగా పోయింది. రెండో కొసన ఇంజిను దగ్గర మనిషి. కుడిచెయ్యి ఇంజిను హ్యాండిలు మీద. అది వదిలితే బోటు తిరిగిపోతుంది, వదలడానికి లేదు. ఖాళీగా ఉన్నది ఎడమ చెయ్యే. ఆ చేతిలోంచి రింగు బయల్దేరితే తిన్నగా గంగులు ముఖానికే.

మాస్టారు చూస్తే శభాష్ అంటారు. ఇంత గట్టిగా బిగిసిన బొమ్మ నేను ఎప్పుడూ వేయలేదు.

మా బోటు ఇంజిను దగ్గర అన్నయ్య తప్ప ఇంకెవరూ నిలబడరు. నాన్న పోయిన దగ్గర్నుంచీ.

సెప్టెంబరు 11

బొమ్మ బొమ్మే. బాగా కుదిరినంత మాత్రాన నిజం అవ్వాలని లేదు.

సెప్టెంబరు 25

ఒకే లినో బ్లాకు పద్ధతిలో చేస్తున్నాను. లేత రంగుతో అన్ని కాగితాలూ అచ్చు తీశాక, ఆ రంగు ఎక్కడ మిగలాలో అక్కడ బ్లాకుని చెక్కేసి, మిగిలినదాని మీద ఇంకో రంగు. మళ్ళీ చెక్కడం, మళ్ళీ రంగు. బ్లాకు కరిగిపోతూ ఉంటుంది, బొమ్మ తయారవుతూ ఉంటుంది. తప్పు చేస్తే వెనక్కి పోవడానికి లేదు, చెక్కేసినది మళ్ళీ రాదు. ఓపికలేనిదాన్ని ఇలాంటి పద్ధతి ఎందుకు పట్టుకున్నానో.

రింగు ముందే చెక్కేశాను. తెల్లగా ఉండిపోయింది. పసుపు అయింది. అది అందరి ఒంటి మీదా పడింది, మనవాళ్ళనీ లేదు, వాళ్ళనీ లేదు.

అక్టోబరు 2

ఎరుపు, ఆకుపచ్చ కూడా అయ్యాయి. ఆనుకున్నచోట నిజంగానే కన్ను నిలవడం లేదు. చూస్తుంటే తలనొప్పి వస్తోంది. జగదీశ్వరి గారు ఇంకు వాసన గురించి చెప్పడానికి వచ్చి, బొమ్మల ముందు నిలబడి, చెప్పడం మర్చిపోయి వెళ్ళిపోయారు.

ఇంక నలుపు ఒక్కటే మిగిలింది. ఇంజిను దగ్గర మనిషి ముఖం అలాగే ఉంచేశాను. చెక్కకుండా నలుపు వేస్తే వట్టి నల్లటి మచ్చలా పడుతుంది. కన్నూ ముక్కూ చెక్కితే నలుపులోంచి కింది ఎరుపు కనిపించి మనిషి అవుతాడు.

మచ్చే మంచిది. కొట్లాటలో ముఖాలు ఎవరికి కనిపిస్తాయి. మాస్టారితో అదే చెబుతాను, బాగా వాదించొచ్చు.

అక్టోబరు 9

అమ్మ ఫోన్ చేసింది. నవరాత్రుల భోజనాల దగ్గర మొదలెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి బొమ్మ దగ్గరకి వచ్చింది. జూలైలో తాతమ్మ పిన్ని చూసినదాని గురించి ఊళ్ళో చెప్పిందట.

"తాతమ్మ సెప్పింది, అది మన రేవు కాదంట గదే?"

"అవునమ్మా."

"మంచిపని సేసినావు. అలాగే ఉంచు." తరవాత అంది, "మీ అన్నకి ఈమద్దిన నిద్దర ఒట్టదే. అరుగు మీద కూకుంటాడు."

అడగలేదు. అమ్మ కూడా చెప్పలేదు. మా ఇద్దరి ఫోను ఇలాగే ఉంటుంది, అవతల ఎవరో వింటున్నట్టు.

అక్టోబరు 16

తాతమ్మ పిన్ని వచ్చింది. ఎల్లుండి అమ్మవారి సిరిమాను పండగ, ఊరంతా బయటి జనం. బేరాలు బాగున్నాయట. అందుకే పెందరాళే గంప దించింది.

బొమ్మలు తీగ నిండా ఉన్నాయి. ఈసారి తీసేయాలని అనుకున్నాను. గుర్తుంది. తియ్యలేదు.

ఆమె ముందు గుడి చూసింది. తరవాత మొగ చూసింది. "ఇప్పుడు కుదిరినాది" అంది మెల్లగా. ఆ తరవాత బోటులో ఒక్కొక్కరినీ వేలితో తాకకుండా చూపిస్తూ వెతికింది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈడు నా కొడుకు."

ముందుభాగంలో తాడు లాగుతున్నవాడి దగ్గర ఆగింది. ముఖం కనిపించదు, వీపే. అయినా తెలిసింది.

"ఆడెప్పుడూ ఇక్కడే. తాడు కాడే. సిన్నప్పట్నించీ." ఇంకా దగ్గరగా వంగి అంది, "తులసీ, ఈడి రెండు సేతులూ తాడు మీదే ఉన్నాయేటే?"

"అవును పిన్నీ."

"నువ్వు సూసినావా?"

"లేదు. నేను ఆ రోజు ఇక్కడే ఉన్నాను. బొమ్మ అలా అయితేనే నిలబడింది."

ఆమె చూపు తాడు వెంట నడిచి రెండో కొస దాకా వెళ్ళింది. ఇంజిను దగ్గర చాలాసేపు ఉంది. అక్కడున్నది ఎవరని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలీదు. చెప్పేదాన్ని అని రాసుకోవాలని ఉంది. తెలీదు.

నేల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఇన్నాల్లూ ఆడి మొకం సూసినాను కాదే. జైలుకి ములాకాత్ కెల్లి కూడా తల దించుకునే కూకున్నాను. ఒకడి కన్ను తీసీసిన కొడుకనీసి. ఒక ముద్ద పెట్టనేదు, ఒక మంచి మాట అననేదు" అంది. తరవాత లేచి, "ఒకటి ఇయ్యి, తీసుకెల్తాను" అంది.

ఇంకా నలుపు పడలేదని, పూర్తవలేదని చెప్పాను. సాలు అంది. చుట్టి ఇచ్చాను. గంప నా వాకిట్లోనే వదిలేసి వెళ్ళిపోయింది.

అక్టోబరు 18

సిరిమాను. స్కూలు లేదు. వీధి నిండా జనం, బూరలు. వాకిట్లో గంప అలాగే ఉంది. జగదీశ్వరి గారు ఏమీ అనలేదు. పైగా పిల్లి రాకుండా మూత పెట్టారు.

అక్టోబరు 19

సాయంత్రం పిన్ని గంప కోసం వచ్చింది. శ్రీకాకుళం వెళ్ళి జైల్లో చినబాబుని చూసొచ్చిందట. జాలీకి ఇవతల నుంచి బొమ్మ విప్పి చూపించిందట.

"ముందు నవ్వినాడే. 'ఈ బొమ్మలెయ్యడం ఎవులు నేర్పినారే తులసక్కకి' అన్నాడు. తరవాత సూత్తా సూత్తా, 'అమ్మా, ఆ పొద్దు తాడు సానా బరువుగా ఉన్నాది' అన్నాడు. అంతే. నానూ అడగనేదు. ఆడి సెయ్యి ఒట్టుకున్నాను, జాలీలోనించి వేళ్ళే అందుతాయి."

గంప ఎత్తుకుంటూ ఆగింది.

"ఇంకోటి అడిగినాడు. ఇంజిను కాడ మొకం ఎందుకెయ్యనేదని."

అన్నయ్య పంపిన వాటా చేప నిన్న తిరిగి మా ఇంటి అరుగు మీదే పెట్టేసి వచ్చిందట. దీవించిన నోటితో తిట్టలేనని, అందుకే మాట్లాడకుండా వచ్చేశానని చెప్పింది.

అక్టోబరు 20

స్కూలు నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, ఉలి తీశాను. ముందు కనుబొమ్మ. తరవాత ముక్కు, పక్కకి కొంచెం వంగిన ముక్కు. పెదవుల దగ్గర ఉలి జారింది, వేలు తెగింది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. మా అన్నయ్య ముఖం చూడక్కర్లేకుండానే చెక్కగలను. చిన్నప్పుడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళిన మనిషి. నాకు కాలేజీ ఫీజు కట్టడానికి తను చదువు మానేసి బోటెక్కిన మనిషి. ఈ ఉలి కూడా ఒకరకంగా తను కొనిచ్చిందే. అంత ప్రేమా ఉంది, అయినా చెయ్యి ఆగలేదు. అదే నాకు భయమేసింది.

నలుపు వేశాను. ఉన్న కాగితాలన్నిటి మీదా, ఒక్కటి తప్ప. అది పక్కన పెట్టాను, ఎందుకో.

అక్టోబరు 22

అన్నయ్య వచ్చాడు. చేపలు లేవు, ఖాళీ చేతులు.

"తాతమ్మ పిన్ని సేప తెచ్చి అరుగు మీద ఎట్టీసి ఎలిపోయిందే. ఏటి సూపించినావు ఆవిడికి?"

తీగ వైపు చూపించాను, ముఖం చెక్కక ముందుది ఒకటి ఆవిడే పట్టుకెళ్ళిందని చెప్పాను. ఒకదాని పక్కన ఒకటి, అన్నింటిలో తనే. దగ్గరకి వెళ్ళాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది నాకు. ఫ్యాను గాలికి కాగితాలు కదులుతున్నాయి.

"ఈ మొకం తీసీ" అన్నాడు.

"తియ్యడానికి లేదన్నయ్యా. చెక్కేశాక అయిపోయినట్టే."

"మరింకోటి సెక్కు. మొకం లేకండా."

నాకు కోపం వచ్చింది. ఇన్ని నెలల అలసటంతా కోపంగా వచ్చింది. బల్ల మీది ఉలి తీసి చేతికిచ్చాను. "నువ్వే చెక్కు. ఎవరి ముఖం పెడతావో పెట్టు. చినబాబుది పెడతావా? పెట్టు" అన్నాను. అరిచినట్టున్నాను. పైన పాటపాఠం ఆగిపోయింది.

ఉలి ఎడమ చేత్తో అందుకున్నాడు. అలవాటుగానే. అందుకున్నాక ఆ చెయ్యి చూసుకున్నాడు. బొమ్మలో చెయ్యి చూశాడు. మెల్లగా కింద కూర్చున్నాడు.

"నాను పంపనేదే ఆడిని. ఆడే ముందుకొచ్చినాడు. 'నీకు పెళ్ళాం, ఇద్దరు గుంటలున్నారు అన్నా, నానెల్తాను' అన్నాడు. నాను... ఊరుకున్నాను."

"తెలుసు."

"కన్ను తీయాలనీసి కాదే. వల కోసీత్తన్నారు. సేతికేటి దొరికితే అది."

"తెలుసన్నయ్యా."

అన్నం పెట్టాను. పప్పు, ఆవకాయ. ముద్ద ముద్దకీ ఆగుతూ తిన్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఇద్దరం ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఒళ్ళు తేలికపడేది.

చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండా నిలబడి అన్నాడు: "సోమవారం గదా వాయిదా. నువ్వూ రావేటే నా తోటి? జడ్జీ ముందర ఎలాగ మాటాడాలో నాకు తెలీదు. పెద్దలు ఒప్పుకోరు. అమ్మకి నువ్వే సెప్పాల."

వస్తానన్నాను. అమ్మకి కూడా చెబుతానన్నాను. ఎలా చెబుతానో తెలీదు.

గుమ్మం దాటాక మళ్ళీ వెనక్కి వచ్చాడు. బొమ్మ ఒకటి చుట్టి ఇమ్మన్నాడు, కోర్టు దగ్గర తాతమ్మ పిన్నికి ఇస్తాడట. ముఖం లేనిది ఒకటి పక్కన పెట్టాను కదా, అది తీసి ఇవ్వబోయాను.

"అది కాదే" అన్నాడు. "అలాటిది ఆవిడ కాడ ఉన్నాది గదా. ఇంకోటి ఇయ్యి."